హన్మండ్లు దినానికి వచ్చినవాళ్లు

"చాయ్ పోస్తే ఒప్పుకున్నట్టే గద!" దివాకర్ వంటింటి గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఏం ఒప్పుకున్నట్టు? నాగిరెడ్డిపేట నుంచి ఫస్టు బస్సుకు వచ్చిండ్రు పాపం. నోట్ల నీళ్లు గూడ పోసుకోలె. పదిమందిని వాకిట్ల కూసోవెట్టి చాయ్ పొయ్యద్దా?" పద్మలత భర్త వైపు తిరగకుండానే గిన్నెలో చక్కెర వేసింది.

"చావుకని వచ్చినోళ్లకు చాయ్ పోస్తే ఇంట్ల చావైనట్టే."

"మామ సుత తాగుతుండు గద చాయ్. మరి ఆయనది ఏ లెక్క?"

 దివాకర్ కోపం, గోడకు ఆనుకుని నిలబడ్డ చిన్న కోడలు ప్రమోద మీదికి మళ్లింది. కానీ తమ్ముని భార్యను నేరుగా ఏమీ అనలేడు. అందుకని గోడకున్న క్యాలెండర్‌ను చూస్తూ, వాకిట్లో ఉన్న తల్లికి వినపడేట్టు అన్నాడు.

"అవ్వా, చెప్తున్న విను. శుభకార్యాలకు షామియానా ఏసే దుకాణం మనది. యజమానికే దినం పెట్టిన దుకాణమంటే రేపు పెండ్లికి ఎవడు వస్తడు? ఇయ్యాల్టి నుంచి ఆ కంప్యూటర్ల మన దుకాణం పేరుండద్దు. గంతే."

ప్రమోద తల దించుకుంది. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. అదే ఆమె బాధ.

నిన్న సాయంత్రం తను చేసింది ఒక్క చిన్న పని. ఎనిమిది నెలలుగా వంటింటి పని కాగానే కూర్చుని 'హన్మండ్లు టెంట్ హౌస్' కోసం ఒక వెబ్‌సైటు కడుతోంది. ఎవరికి ఎప్పుడు ఏం కావాలో అందులోనే రాసుకోవచ్చు. షామియానా ఎటు పోయింది, కుర్చీలు ఎన్ని తిరిగొచ్చాయి, అన్నీ అందులోనే కనపడతాయి. నిన్నటికి అంతా అయిందనిపించింది. ఒకసారి నడిపి చూద్దామనుకుంది.

ఆ దుకాణంలో కొత్త ఆర్డర్ బుక్కు తెచ్చిననాడు మొదటి కాగితం మీద యజమాని పేరే రాస్తారు. మొదటి కాగితం పరాయివాళ్లకు పోకూడదని హన్మండ్లు పట్టింపు. ప్రమోద కూడా ఆ పద్ధతి తప్పలేదు. పేరు: హన్మండ్లు. సొంత ఊరు: నాగిరెడ్డిపేట. ఇల్లు: ఎల్లారెడ్డి. పని దగ్గర, అన్నిటికన్నా చిన్న ఆర్డర్ ఏదా అని ఆలోచించింది. ఒక షామియానా, యాభై కుర్చీలు. దినం. నొక్కింది.

దినం ఆర్డరంటే దుకాణానికి ఇంకో పద్ధతి ఉండేది. ఏడుపులో ఉన్న ఇంటివాళ్లు అందరికీ ఎక్కడ చెప్పుకుంటారని, ఆ ఊళ్లో తనకు తెలిసిన వాళ్లందరికీ హన్మండ్లే ఫోన్లు చేసేవాడు. మూడేళ్ల కింద దుకాణం దివాకర్ చేతికి వచ్చాక ఆ ఫోన్లు ఆగిపోయాయి. అత్త ఎంకవ్వ ఒకనాడు బియ్యం ఏరుతూ ఆ సంగతి చెబితే ప్రమోదకు మనసు నిండింది. దినం అని రాయగానే దుకాణం దగ్గరున్న ఆ ఊరి నంబర్లన్నిటికీ మెసేజ్ పోయేట్టు ఎంతో మురిపెంగా రాసుకుంది.

ఆ మెసేజే పోయింది. నూట నలభై మందికి. 'ఎల్లారెడ్డి హన్మండ్లు గారి దినం రేపు పదకొండు గంటలకు వారి ఇంటి వద్ద. తప్పక రాగలరు.'

అది తప్పని ఇంకో మెసేజ్ పెట్టారు. భర్త శైలేందర్ మద్నూర్‌లో పెండ్లి పందిరి వేస్తూనే తెలిసిన వాళ్లందరికీ ఫోన్లు చేశాడు. కానీ ఫోను ఎత్తనివాళ్లు, మెసేజ్ ఒకరు చదివి చెబితే విన్నవాళ్లు, తెల్లారేసరికి బస్సెక్కేశారు.

"ఓ అన్నా... ఓ నా అన్నా..." వీధి మలుపు నుంచి ఏడుపు వినిపించింది.

"అయిపోయింది. అత్త వచ్చింది," అన్నాడు దివాకర్.

అనసూయమ్మ, హన్మండ్లు ఒక్కగానొక్క చెల్లెలు. వాకిట్లోకి వస్తూనే ఎదురుగా వచ్చిన ఎంకవ్వ మెడ పట్టుకుని గొల్లుమంది. "పది దినాలైనా నాకు చెప్పకపోతిరి గద వదినే! తోడబుట్టినదాన్ని. చూపుకు గూడ నోచుకోకుంట చేస్తిరి గద!"

ఏడ్చి ఏడ్చి ఒక్కసారి తల ఎత్తింది. ఎంకవ్వ నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టు. చేతుల నిండా గాజులు.

"ఈ బొట్టేంది వదినే?"

"మీ అన్న ఉన్నడు గావట్టి ఉన్నది," అంది ఎంకవ్వ శాంతంగా.

చాయ్ గ్లాసు చేత పట్టుకుని హన్మండ్లు అరుగు మీదికి వచ్చాడు. అనసూయమ్మ అన్నను చూసింది. చేతిలో ఉన్న బట్టల సంచితో అతని భుజం మీద రెండు దెబ్బలు వేసింది. మూడో దెబ్బకు సంచి కింద పడేసి అన్నను పట్టుకుని ఏడ్చింది. ఈసారి ఏడుపు వేరు.

"చెప్పలేదని కొట్లాడుదామని తొవ్వ పొడుగునా మాటలు కూడవెట్టుకొని వచ్చిన. ఇగ ఎవలతోని కొట్లాడాలె నేను?"

"ఊకనే వచ్చినవా మరి, కొట్లాడిపో," అన్నాడు హన్మండ్లు. చాయ్ ఒలికి అంగీ తడిసింది. తుడుచుకోలేదు.

అరుగు కింద కూర్చున్న వాళ్లలో నాగిరెడ్డిపేట పక్క తండా నుంచి వచ్చిన చత్రు లేచి నిలబడ్డాడు. పొట్టి మనిషి. తువ్వాల రెండు చేతులతో నలుపుతున్నాడు.

"సేటూ, నేను పోయొస్త మరి. చూసిన, గంతే సాలు." అని కూడా కదలలేదు. "మా యాడి సక్రి పోయిన్నాడు పొద్దటి నుంచి వానే గద. నాకు నోట మాట రాకపాయె. నువ్వే షామియానా తెచ్చి ఏసి, కూసోని అన్ని తండాలకు ఫోన్లు కొట్టినవ్. 'సక్రి పోయింది, రాండ్రి' అని నువ్వు చెప్తుంటె, నా తల్లి పేరు గంత మర్యాదగ ఎవ్వలు పలుకంగ నేను ఇనలే. ఇది నీకు ఎన్నడన్న చెప్పాలె చెప్పాలె అనుకున్న. నిన్న మెసేజ్ చూసి, అయ్యో చెప్పకపోతినే అని..."

మిగతా మాట తువ్వాలలోకి పోయింది.

హన్మండ్లు ముప్పై ఏళ్లుగా ఊరందరి దుఃఖాలకు గుంజలు పాతిన మనిషి. ఆయనకు ఆ క్షణాన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఎంకవ్వ చాయ్ గొడవను తన పద్ధతిలో తెంపేసింది. "పద్మా, చాయ్ పొయ్యి. పోసినంక పెద్ద గంజు పొయ్యి మీద పెట్టు. అందరు బువ్వ తినే పోవాలె. ఇది దినం బువ్వ గాదు. మనిషి ఉన్నందుకు బువ్వ."

"షామియానా సుత ఎయ్యమంటవా అవ్వా?" దివాకర్ ఎత్తిపొడిచాడు.

"ఎండ అయితె ఎయ్యి బిడ్డా. మనకేమన్న కరువా?"

వాకిట్లో ఎవరో నవ్వారు. దివాకర్ నవ్వలేదు. వచ్చి తండ్రికి ఎదురుగా నిలబడ్డాడు. "బాపూ, నేను అన్నది ఏమాయె? ఆ కంప్యూటర్ సంగతి?"

"పొద్దుమూకినంక చెప్త," అన్నాడు హన్మండ్లు.

*

భోజనాలయ్యాక ప్రమోద లాప్‌టాప్ సంచిలో పెట్టుకుంది. కామారెడ్డిలో మనోజ్ఞ ఉంది. డిగ్రీలో ఒకే బెంచీ. ఇప్పుడు ఇంటి నుంచే హైదరాబాద్ కంపెనీ పని చేస్తోంది. పొద్దున ఫోన్లో ఏడుస్తూ చెబితే అంతా విని, "లాప్‌టాప్ తీసుకొని రా. ఏడుపు బస్సుల దించి రా," అంది.

చెప్పులు వేసుకుంటుంటే మామ కూడా కండువా దులుపుకుని వచ్చాడు.

"నేను గూడ వస్త పా. ఇంట్ల ఉంటె వచ్చినోళ్లకల్లా బతికే ఉన్ననని చెప్పుడే పనైంది."

 బస్సు కిటికీ అవతల వరి నాట్లు పచ్చగా వెనక్కి పోతున్నాయి. ప్రమోదే మాట మొదలుపెట్టింది.

"మామా, బావ అన్నది కరెక్టే. నేను బంద్ చేస్త. మనోజ్ఞను అడిగి దాన్ని నెట్ మీంచి తీసేయిస్త."

హన్మండ్లు కిటికీ వైపు నుంచి ఆమె వైపు తిరిగాడు.  "నీకు ఆ ఫోన్ల సంగతి ఎవలు చెప్పిండ్రు?"

"అత్తమ్మ."

"ఊఁ."

అంతే. ఆ 'ఊఁ'లో ఏముందో ప్రమోద కామారెడ్డి దాకా వెతుక్కుంటూనే ఉంది.

*

మనోజ్ఞ వాళ్లింట్లో ముందు గదిలో బల్ల, రెండు కుర్చీలు. హన్మండ్లుకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఆమె సూటిగా పనిలోకి దిగింది.

"ఒక్కటి అడుగుత చెప్పు. నువ్వు రాసిన ఈ సైటు నీ లాప్‌టాప్‌ల, నెట్ లేకుంట, దానంతటది నడుస్తదా?"

"నడవది. మార్పు చేసిన ఫైలును సీదా నెట్ల పెడ్త. అక్కడనే చూసుకుంట."

"ఎనిమిది నెలలు గట్లనే చేసినవా?"

"ఫోన్ల వీడియోలు చూసి నేర్చుకున్న గద. వాళ్లు గట్లనే చెప్పిండ్రు."

"అంటే పెండ్లి పందిట్ల, చుట్టాలు కంచాల ముందట కూసున్నంక, పులుసు చేసుడు నేర్చుకున్నవన్నట్టు."

ప్రమోదకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. హన్మండ్లు కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.

"జర నాకు సమజయ్యేటట్టు చెప్పు బిడ్డా."

"బాపూ, సైటు రెండు జాగలల్ల ఉండాలె. ఒకటి ఊరందరు వాడేది. ఇంకొకటి అచ్చం గసుంటిదే, ఈమె లాప్‌టాప్‌ల. అది ఇంటి కాపీ. తప్పులన్ని ఈ ఇంటి దాంట్లనే చెయ్యాలె. ఇండ్ల ఎన్నిసార్లు ఖరాబైనా ఎవ్వలకు ఎరుక కాదు. ఇండ్ల సక్కగైనంకనే ఊర్లెకు పోవాలె."

హన్మండ్లు మోకాలి మీద చెయ్యి వేసి కొట్టుకున్నాడు. "ఓస్, గిదేనా? కొత్త షామియానా కొంటె నేను ముందుగాల ఎవలింటికి పంపుత? ఎవలింటికీ పంప. మన ఎనుక జాగల గుంజలు పాతి ఏస్త. నాలుగు బిందెల నీళ్లు మీద గుమ్మరిస్త. యాడ కారుతదో కింద నిలవడి చూస్త. ఇరవై తాపలు చూసిన ప్రమోదా నువ్వు!"

"చూసిన మామా. మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు చేసేది గూడ షామియానా అసుంటిదేనని నాకేం ఎరుక?"

మనోజ్ఞ పగలబడి నవ్వింది. ప్రమోద కూడా నవ్వింది. పొద్దటి నుంచి గుండె మీద కూర్చున్న బరువు కొంచెం కదిలింది.

పని మాత్రం నవ్వినంత తేలిగ్గా కాలేదు. సైటు నడవడానికి కావలసినవన్నీ లాప్‌టాప్‌లో ఎక్కించాలి. డేటాబేస్ ఎక్కించారు. తెరవలేదు. పాస్‌వర్డ్ తప్పంది. సరిచేశారు. ఇంకేదో పాతది, కొత్తది కావాలంది. తెచ్చిపెట్టారు. ప్రతిసారీ మనోజ్ఞ వచ్చిన తప్పును పైకి చదివించేది. "భయపడకు, చదువు. ఏం కావాల్నో అదే చెప్తది. మనమే పూర్తిగ చదువం." ప్రమోద చదివేది. చదివిన ప్రతిసారీ ఒక ముడి విడిపోయేది. ఎనిమిది నెలలు ఒంటరిగా గుద్దుకున్న గోడలకు తలుపులున్నాయని ఒకరు పక్కన కూర్చుని చూపిస్తుంటే, కడుపు నిండిపోయినట్టుంది ఆమెకు.

"ఇది చూడు. మెసేజ్‌లు పంపే కంపెనీ వాళ్లిచ్చిన తాళం, పాస్‌వర్డ్ అసుంటిది, ఈ సెట్టింగుల ఫైల్ల ఉన్నది. ఇంటి కాపీల ఈ తాళం ఉండనే ఉండద్దు. మెసేజ్ పంపుమంటె బయటికి పోదు, ఈ లాప్‌టాప్‌లనే ఒక ఫైల్ల రాసుకొని కూసుంటది. నువ్వు చదువుకోవచ్చు. నూట నలభై మంది చదువరు."

"గింత సులువా?"

"గింతే. ఇంకోటి, అసలు గిరాకీల నంబర్లు ఇండ్లకు తేవద్దు. ఉత్త పేర్లు పెట్టు."

ప్రమోద రాయబోతుంటే హన్మండ్లు గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. "మనుషుల పేర్లద్దు తల్లీ! ఎవల పేరు పెట్టినా యాడనో ఒకడు ఉంటడు."

"మరి ఏం పేర్లు పెడ్దాం మామా?"

ఆయన దీర్ఘంగా ఆలోచించాడు. "దుకాణంల సామాన్ల పేర్లు పెట్టు. గంగాళం. కడాయి. జల్లిగంటె."

అలా ఆ మధ్యాహ్నం కామారెడ్డిలో శ్రీ గంగాళం గారు ఇంటి పేరుతో సహా పుట్టారు. శ్రీమతి జల్లిగంటె గారి కూతురి పెండ్లికి నాలుగు వందల కుర్చీలు పోయాయి. చివరికి ప్రమోద రాసింది. పేరు: గంగాళం. పని: దినం. నొక్కింది.

లాప్‌టాప్‌లోని ఫైల్లో ఒక్క వరుస పడింది. 'గంగాళం గారి దినం రేపు పదకొండు గంటలకు.' హన్మండ్లు తన ఫోను తీసి చూసుకున్నాడు. ఏమీ రాలేదు. మళ్లీ చూసుకున్నాడు.

"రాలే," అన్నాడు చిన్నపిల్లాడిలా.

"ఇప్పుడు అసలు పని," అంది మనోజ్ఞ. "మీ ఇంటి మనిషి ఒకరు 'సరే' అననిది దినం మెసేజ్ పోవద్దు. ముందుగాల ఆ మాటనే, సైటు దాన్ని పాటిస్తదా లేదా అని చూసే పరీక్షగ రాయి. ఎప్పుడు ఏ మార్పు చేసినా ఆ పరీక్ష నడుపు. నువ్వు మరిచినా అది మరవది."

ప్రమోద రాసింది. నడిపింది. తెర మీద ఎర్ర అక్షరాలు.

"తప్పింది," అంది నీరసంగా.

"తప్పాలె పిల్లా! నిన్న నూట నలభై మందిని ఏడిపించిన తప్పు గిదే. ఇయ్యాల దొరికింది. ఇగ సరిచెయ్యి."

సరిచేసింది. నడిపింది. ఆకుపచ్చ. మళ్లీ నడిపింది. ఆకుపచ్చ. మూడోసారి నడుపుతుంటే మనోజ్ఞ చెయ్యి పట్టుకుంది. ప్రమోద ఆ చేతిని వదల్లేదు.

"నీ రుణం..."

"మూతి పగులగొడ్త. డిగ్రీల నా రికార్డులన్ని రాసింది ఎవలు? ఇగో, ఇక్కడ ఒకటి ఖాళీగ ఉన్నది. 'సరే' అనేటి మనిషి పేరు. ఎవలు?"

ప్రమోద మామ వైపు చూసింది. సైటే ఉంటుందో ఊడుతుందో తెలియదు. పేరు ఎవరిదని రాయాలి?

"ఇంటికి పోయినంక చెప్త," అన్నాడు హన్మండ్లు. లేచి మనోజ్ఞ తల మీద చెయ్యి పెట్టాడు. "సల్లగుండు బిడ్డా. నా కోడలికి ఎనుక జాగ చూపెట్టినవ్."

*

పొద్దుమూకేసరికి శైలేందర్ మద్నూర్ నుంచి వచ్చాడు. పొద్దటి కూర మిగిలింది. అందరూ ఒక్కసారే కంచాల ముందు కూర్చున్నారు. అనసూయమ్మ ఊరికి పోలేదు. రెండు దినాలు అన్నను చూసుకుంటూ ఉంటానంది.

ఎవరూ కంప్యూటర్ మాట ఎత్తలేదు. చారు బాగుందన్నారు. మద్నూర్‌లో వాన పడిందా అన్నారు. ప్రమోద మెతుకులు లెక్కబెడుతోంది. పద్మలత ఆమె కంచంలో అడక్కుండానే ఇంత పెరుగు వేసి, మోచేత్తో చిన్నగా పొడిచింది. తిను.

దివాకరే ఆగలేకపోయాడు. "పొద్దుమూకినంక చెప్తనన్నవ్ బాపూ."

"అవ్." హన్మండ్లు చెయ్యి కంచంలోనే ఉంచాడు. గొంతు పెంచలేదు.

"ఇయ్యాల పొద్దటి నుంచి పద్నాలుగు మంది వచ్చిండ్రు. నేను పోయిన్ననుకొని వచ్చిండ్రు. ఒక్కడన్న, 'హన్మండ్లు షామియానా మంచిగుండె' అన్నడా? అనలే. 'ఫోన్ చేసినవ్' అన్నరు. 'మా అమ్మ పేరు చెప్పినవ్' అన్నరు. పోయినంక చెప్పుకునే మాటలు నేను అరుగు మీద కూసోని చెవులార ఇన్న. ఎవలకు దొరుకుతది గిది? ఈ పిల్ల తప్పు చేసే నాకు ఇచ్చింది."

ప్రమోదకు కంచం మసకగా కనపడింది.

"తప్పు యాడ జరిగిందో చూసొచ్చిన. సరిచేసుకున్నది. నెల దినాలు లాప్‌టాప్‌లనే ఆడిస్తది. నీళ్లు పోసి చూస్తది. కారకపోతె అప్పుడు దుకాణంల పెడ్తది. ఇగ ఆర్డర్లు రాసుకునే పని ప్రమోదది."

శైలేందర్ నీళ్ల గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. దివాకర్ ముఖం నల్లబడింది.

"మరి నేనేంది బాపూ? పందిరి గుంజలు మోసుకుంట ఉండాల్నా?"

"నువ్వు లేకుంట అది నడవది." హన్మండ్లు పెద్ద కొడుకు వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. "దినం ఆర్డర్ వచ్చిందనుకో. ముందుగాల ఆ ఇంటికి ఫోన్ పోవాలె. పోయినోళ్లు ఎవలు, పేరేంది, ఎవలెవలకు చెప్పాలె, అన్ని ఓపికగ అడగాలె. వాళ్లు ఏడుస్తె ఏడ్సేదాక ఆగాలె. ఆ ఫోన్ నువ్వు చేస్తవ్. చేసి 'సరే' అన్నంకనే ఆ మిషిన్ కదుల్తది. అండ్ల రాసే పేరు నీదే."

"మూడేండ్లాయె నేను ఫోన్లు బంద్ చేసి. నాకు చాతగాదు ఆ ఏడుపులు ఇనుడు."

"ఎరుకే."

"చెయ్యకపోతే?"

"చెయ్యకపోతె మెసేజ్ పోదు. గంతే రాసిపిచ్చిన," అన్నాడు హన్మండ్లు మెల్లగా. చారు కలుపుకున్నాడు.

దివాకర్ లేవలేదు, తినలేదు. అనసూయమ్మ ఏదో అనబోతే, ఆ మాట వాడే తేల్చుకోవాలన్నట్టు ఎంకవ్వ కంటితోనే ఆపింది.